చెప్పినవారి పేరు

గాజుకు జ్ఞాపకం ఉంటుందని కనిపెట్టినవాళ్ళకు మర్యాద కూడా ఉండాలని ఎక్కడా లేదు. ఆ సంగతి వరహాలుకు ఆలస్యంగా తెలిసింది. తెలిసేసరికి ఆమె మొగుడి నాలుక పోయింది.

సముద్రం అడుగున పరిచి, ఏళ్ళ తరబడి వాడి, పాతబడ్డాయని పైకి లాగేసిన కేబుళ్ళు విశాఖపట్నంలో ఓ గోదాము నిండా చుట్టలు చుట్టలుగా పడి ఉండేవి. వాటి లోపలి గాజుపోగుల్లోంచే ఒకప్పుడు ఇంటర్నెట్టు రాతలన్నీ వెలుగై పరుగెత్తాయి. పరుగెత్తిన వెలుగు గాజులో అణువంత ముడత మిగిల్చిపోతుందనీ, ఆ ముడతల్ని చదివితే ఏనాడో మాయమైన పేజీలు మళ్ళీ లేచి కూర్చుంటాయనీ డైరెక్టరు త్రిమూర్తులుగారి ప్రయోగశాల కనిపెట్టింది. చదివే యంత్రానికి 'నెమరు' అని పేరు పెట్టారు. ఆవు తాను మేసిందే నెమరు వేస్తుంది. ఇక్కడ మేత ఒకరిది, నెమరు ఇంకొకరిది. ఆ తేడా అప్పట్లో ఎవరికీ తట్టలేదు, వరహాలుకు కూడా.

తట్టకపోగా ఆమెకు గర్వంగా ఉండేది. నెమరులో అసలు కిటుకు ఆమె రాసిందే. పాత గాజు కదా, చదివిన పేజీ ఎప్పుడూ చిల్లులతో వచ్చేది. ఒకే పేజీ వేరువేరు రోజుల్లో కేబులు దాటినప్పుడు వదిలిన ముడతలన్నీ పోల్చి, ఒకదాని చిల్లును ఇంకొకదానితో పూడ్చడం ఆమె నేర్పిన విద్య. దాన్ని అందరూ 'మాన్పు' అనేవాళ్ళు. చిల్లు 'గాయం'. ఇక ప్రతి పేజీకీ తలదగ్గరా కాళ్ళదగ్గరా మళ్ళీ మళ్ళీ వచ్చే పేర్లు, ఫోను నంబర్లు, 'అడగకుండా తీసుకోవద్దు' లాంటి మాటలు 'పొట్టు'. పొట్టును యంత్రం చెరిగి పారేసేది. "మనక్కావలసింది గింజ. పొట్టు మోసుకు తిరగడమెందుకు?" అనేవారు త్రిమూర్తులుగారు. ఆయన మాట పద్ధతిగానే వినిపించేది.

ఆ మంగళవారం వరహాలు వెంట్రుకకన్నా సన్నని పోగును పట్టకారుతో యంత్రంలో పెట్టి తెరకేసి చూస్తూ కూర్చుంది. ముందు బూడిదరంగు పొర, తర్వాత అక్కడక్కడా అక్షరాలు. పైన 'అడవి గంప' అని పేజీ శీర్షిక కనిపించింది. మన్యంలో దొరికే చేదుదుంప గురించిన పేజీ అది. ఎలా తవ్వాలి, ఎలా తరగాలి, ఎంతకాలం నీళ్ళలో నానబెట్టాలి, చింతచిగురూ మిరియాలూ వేసి ఎలా వండాలి, అన్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టు రాశారెవరో. నడిమధ్యన మాత్రం పెద్ద తెల్లమచ్చ. గాయం, అంది యంత్రం. వరహాలు మాన్పు నొక్కింది. పేజీ నిండుగా లేచింది. ఆ తెలుగు ఎంత బాగుందంటే ఆమె రెండుసార్లు చదివి, మూడోసారి కాగితంమీద అచ్చు తీసి సంచిలో పెట్టుకుంది. మొగుడికి ఇవ్వడానికి.

ఆమె భర్త సింహాద్రికి కంచరపాలెంలో ఎనిమిది బల్లల భోజన హోటలు ఉంది. ఆదివారాలు ఏదో ఒక కొత్త వంటకం పెట్టడం అతని సరదా. ఇంకొకరి వంట నేర్చుకున్నాడంటే మాత్రం వాళ్ళను ఫోన్లతో చంపుకు తింటాడు. నర్సీపట్నంలో ఒకావిడ దగ్గర ఉలవచారు నేర్చుకున్నప్పుడు ఆమెకు పదకొండుసార్లు ఫోను చేశాడు. చివరికి ఆమె విసుగెత్తి బస్సెక్కి వచ్చి దగ్గరుండి కాయించి వెళ్ళింది.

కాగితం అటూ ఇటూ తిప్పి చూసి అతను అడిగిన మొదటి మాట అదే.

"ఇది రాసినావిడెవరే వరాలూ? నంబరు లేదేటి?"

"పేర్లవీ మా యంత్రం తీసేస్తది బావా. నీకు కావలసింది వంట కదా, పేరెందుకు?"

"పేరెందుకేటి? ముక్కలు పల్చగా తరగమంది. పల్చగా అంటే ఎంత పల్చగా? ఒకరోజు నీళ్ళల్లో ఉంచమంది. బిందెలోనా, కాలవలోనా? ఎవర్నడగాల?"

"ఒకప్పుడు ఎంతోమంది చదివిన పేజీయే. ఒకరోజని రాసుంది, ఒకరోజు నానబెట్టు. అంతే."

ఆమె చదువుకున్నది. యంత్రాలు చేసేది. అతను తల ఊపాడు. శుక్రవారం సంతనుంచి ఏజెన్సీ బస్సులో దుంపలు తెప్పించాడు, శనివారమంతా నానబెట్టాడు, ఆదివారం పొద్దున్నే వండాడు.

వంటవాడిగా సింహాద్రికి ఒక నియమం ఉంది. కొత్త వంటకం ఏదైనా ముందు తాను తినాలి. తిని పావుగంట కూర్చోవాలి. ఆ తర్వాతే గరిటె బయటికి వెళ్ళాలి. పనివాళ్ళ చేత కూడా రుచి చూడనివ్వడు. ఆ రోజు బల్లల దగ్గర అప్పటికే జనం కూర్చున్నారు, విస్తళ్ళు వేసి ఉన్నాయి. అతను నాలుగు ముద్దలు తిని పీట వేసుకుని కూర్చున్నాడు. పావుగంట కాలేదు. పెదవులు మొద్దుబారాయి, గొంతు మండింది, లేవబోయి పొయ్యి పక్కనే కూలిపోయాడు. నోట్లోంచి మాట పెగలకపోతే చేత్తోనే చూపించాడు, గుండిగను పారబొయ్యమని. ఆ ఒక్క నియమం లేకపోతే ఆ పూట హోటల్లో కూర్చున్నవాళ్ళ గతి ఏమయ్యేదో వరహాలు ఇప్పటికీ ఆలోచించలేదు, ఆలోచించడానికి భయం.

ఆసుపత్రిలో ఎనిమిది రోజులున్నాడు. ప్రాణం నిలిచింది. నాలుకకు రుచి మాత్రం తిరిగి రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు, వాతావరణం గురించి చెప్పినట్టు.

"నాలిక మీద మైనం పూసినట్టుందే" అన్నాడు సింహాద్రి ఇంటికొచ్చాక. మర్నాడు పప్పు వండాడు. గరిటెతో చేతిలో వేసుకుని నాకి చూశాడు. ఇంకోసారి చూశాడు. కాసేపు గోడకేసి చూసి, గరిటె ఆమెకందించాడు. "ఉప్పు సూసి సెప్పు."

ముప్ఫై ఏళ్ళుగా ఊరందరికీ ఉప్పు చూసి పెట్టిన మనిషి. వరహాలు రుచి చూసి సరిపోయిందని చెప్పింది. నిజానికి అందులో ఉప్పు రెండుసార్లు పడింది. ఆ ముద్ద మింగుతుంటే ఆమెకు మొదట ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్ళు మండిపోయింది. ఎవరిమీద మండాలో మాత్రం ఇంకా తెలియలేదు.

తెలుసుకోవడానికి ఆ మధ్యాహ్నమే ప్రయోగశాలకు వెళ్ళింది. అదే పోగు తీసి యంత్రంలో పెట్టి, ఈసారి మాన్పునూ చెరుగుడునూ రెండింటినీ ఆపేసింది. పచ్చి గాజు ఏం చెబుతుందో అదే చూద్దామనుకుంది. పేజీ పాతది, నిండుగా ఉన్నది ముందు వచ్చింది. దాని తలమీద ఇలా ఉంది: 'చెప్పినవారు: మా పెద్దమ్మ కొర్రా గాసమ్మ. రాసినది: కొర్రా సన్యాసమ్మ, టీచరు. అనుమానం ఉంటే అడగండి.' కింద ఫోను నంబరు. కొన్నాళ్ళ తర్వాత కేబులు దాటిన పేజీ దాని మీద పరుచుకుంది. అదే తెల్లమచ్చ. దగ్గరికి వెళ్ళి చూస్తే మచ్చ కాదు, ఖాళీ పేజీ, మధ్యలో చిన్న అక్షరాలు.

'ఈ పేజీ తీసేస్తున్నాను. ఒకరోజు అని రాశాను, అది తప్పు. మూడురోజులు, పారే నీళ్ళలో. నా రాత చూసి పక్క ఊరి అమ్మాయి ఒకామె చావు తప్పి బయటపడింది. పాత పేజీ ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి ఎక్కడా పెట్టవద్దు.'

వరహాలు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. చిన్న పేజీ పెద్ద పేజీ మీద పడితే అది గాయమనీ, పెద్దదాంతో పూడ్చమనీ యంత్రానికి నేర్పింది తనే. ఒక మనిషి ఆలోచించి, సిగ్గుపడి, చేతులారా తీసేసుకున్నదాన్ని పట్టుకుని గాయమంది. మాన్పానని మురిసింది. అచ్చుతీసి మొగుడికి పెట్టింది.

అంతటితో ఆగలేదు. ప్రయోగశాల ఉత్తరాల పెట్టెలో సన్యాసమ్మ పేరు వెతికితే ఈ రెండు వారాల్లో వచ్చిన నాలుగు ఉత్తరాలు దొరికాయి. నెమరు మాన్పిన ప్రతి పేజీనీ వెంటనే కొందరు పాఠకులకు పరీక్షగా చూపించడం సంవత్సరంగా జరుగుతోంది. వాళ్ళలో సన్యాసమ్మ పాత విద్యార్థి ఒకరు ఆ పేజీ చూసి ఆమెకు చెప్పారట. మొదటి ఉత్తరంలో 'అయ్యా, నా పేజీ నన్నడగకుండా ఎందుకు పెట్టారు?' అని ఉంది. నాలుగోదానిలో 'అయ్యా' లేదు. నాలుగింటికీ యంత్రమే జవాబు పంపింది: 'మీ అభిమానానికి ధన్యవాదాలు.'

నాలుగు ఉత్తరాలూ పట్టుకుని ఆమె త్రిమూర్తులుగారి గదిలోకి వెళ్ళింది. ఆయన శుక్రవారం సభ ఏర్పాట్లలో తలమునకలుగా ఉన్నారు. శుక్రవారం నెమరు అందరి ఫోన్లలోకీ వెళ్ళబోతోంది. ఒక వంటల కంపెనీ, ఒక పాఠ్యపుస్తకాల కంపెనీ మొత్తం నకలు పట్టుకుపోవడానికి మనుషుల్ని పంపుతున్నాయి.

ఆయన ఉత్తరాలు చదివి కళ్ళజోడు తీశారు. "సింహాద్రికి జరిగింది చాలా బాధాకరం వరహాలుగారూ. కానీ ఒక పేజీ తీస్తే రేపు ప్రతివాడూ నాది తియ్యి, నాది తియ్యి అంటాడు. ఇక మిగిలేదేముంది?"

"వాళ్ళది వాళ్ళు తియ్యమంటే తియ్యొద్దా సార్?"

"ఇంటర్నెట్టులో పెట్టడమంటే వీధిలో పెట్టడమే. వీధిలో పెట్టినదానికి అనుమతేమిటి?"

"వీధిలో పెట్టింది నిజమే. మళ్ళీ ఇంట్లోకి తీసుకెళ్ళింది కూడా నిజమే కదా. మనం తలుపు తీసుకుని లోపలికెళ్ళి తెచ్చాం."

"మనం లేకపోతే అవన్నీ మట్టిలో కలిసిపోయేవి. కాపాడుతున్నాం మనం." ఆయన నిజంగానే నమ్మి అన్నారు. అదే ఆమెకు ఎక్కువ కోపం తెప్పించింది.

"కాపాడి దాచుకోండి సార్, వద్దనను. పంచిపెట్టడానికి మనమెవరం? కనీసం ఈ ఒక్క పేజీ అయినా శుక్రవారంలోగా తీసేద్దాం. అది విషం."

"కింద ఒక హెచ్చరిక వేయిద్దాం లెండి. వచ్చే నెల" అని ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు.

వచ్చే నెలకి ఆ పేజీ ఎన్ని వంటిళ్ళలోకి వెళుతుందో ఆయనకు లెక్కలేదు. ప్రతి ఇంట్లోనూ పావుగంట ఆగే సింహాద్రి ఉండడు కదా.

మర్నాడు మొగుడూ పెళ్ళాలిద్దరూ పాడేరు బస్సెక్కారు. ఆమె వద్దన్నా సింహాద్రి వినలేదు. "అడగాల్సినోణ్ణి నానే కదేటి" అన్నాడు. పాడేరు దాటాక జీపు, జీపు దిగాక నడక. సన్యాసమ్మ ఉద్యోగం మానేసి నాలుగేళ్ళయింది. అరుగుమీద కూర్చుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. ఆ వాడలో సిగ్నలు ఒక్కచోటే అందుతుందట, ఆమె ఫోను గుడ్డసంచిలో కిటికీ చువ్వకు వేలాడుతోంది.

వరహాలు చెప్పినదంతా ఆమె చేతిపని ఆపకుండా విన్నది. అంతా విని సింహాద్రి వైపు తిరిగింది.

"ఎన్ని నీళ్ళు మార్చావు నాయనా?"

"ఒక్క నీళ్ళే అమ్మా. బిందెలోనే."

"ఉప్పు తెలుస్తోందా?"

"లేదమ్మా. పులుపూ తెలీట్లేదు."

సన్యాసమ్మ చేట పక్కన పెట్టేసింది. తర్వాత వరహాలుతో అన్నది, గొంతు పెంచకుండా, బడిలో పాఠం చెప్పినట్టే. "తప్పు రాసింది నేనే. ఆ రోజు శనివారం, బడి మూసి వచ్చాను. మా పెద్దమ్మ వాగులో దుంపల బుట్ట సర్దుతోంది. ఆదివారం తీసి వండింది. ఒకరోజే కాబోలనుకున్నాను. గురువారం నుంచీ అవి వాగులో ఉన్నాయని నాకు తెలీదు. అడక్కుండా చూసింది చూసినట్టు రాసేశాను. పక్క ఊరి పిల్ల పడిపోయాక తెలిసింది. వెళ్ళి ఆ పిల్ల తల్లి కాళ్ళు పట్టుకున్నాను. పేజీ తీసేశాను. నా తప్పు నేను దిద్దుకున్నాను. అవునా?"

"అవునండి."

"మరి నా దిద్దుబాటు ఎందుకు చెరిపారమ్మా? నా కూర ఎత్తుకుపోయారని కాదు నా ఏడుపు. తప్పు నాదైతే దాన్ని వెనక్కి తీసుకునే హక్కూ నాదే. దాన్ని ఎత్తుకుపోయారు మీరు. నా చేత ఇంకో మనిషికి విషం పెట్టించారు. నేను ఏడేళ్ళు కడుక్కున్న చెయ్యి ఇది." అరచెయ్యి తెరిచి చూపించింది. గింజల పసరుతో ఆకుపచ్చగా ఉంది.

"మీ పేరు కూడా తీసేశామండి" అంది వరహాలు, దాచడం ఇష్టంలేక. "పొట్టని."

"మా వాడలో దుంపకి గునపం దించేముందు నేర్పినవాళ్ళ పేరు పైకి అనాలి. పెద్దమ్మ పేరు, ఆవిడకి నేర్పినవాళ్ళది తెలిస్తే అదీ. పేరు పలకలేనివాడు తవ్వకూడదు. గొప్పకోసం కాదమ్మా. అనుమానమొస్తే ఎవరి గుమ్మంలోకెళ్ళి అడగాలో తెలియడానికి. ఈయన ఆ రోజు పేరు కోసం వెతికాడన్నావు చూడు. ఆ పేరుంటే ఫోను చేసేవాడు. చేస్తే చెప్పేదాన్ని."

"పదకొండుసార్లు సేసేవోణ్ణి" అన్నాడు సింహాద్రి. ముగ్గురిలో నవ్వింది అతనొక్కడే.

"ఇప్పుడేం చెయ్యమంటారండి?" అని అడిగింది వరహాలు.

"నాది తీసెయ్యి. మిగతావాళ్ళ సంగతి వాళ్ళు ఏమన్నారో చూడు. వాళ్ళూ ఏదో ఒకటి చెప్పే వెళ్ళి ఉంటారు కదా. వినండి కాస్త."

ఆ మాటే పట్టుకుని వరహాలు గురువారం పొద్దుటినుంచీ పనిచేసింది. పెద్ద మార్పేమీ కాదు. పేజీని రాసినవాళ్ళే తీసేసి ఉంటే అది గాయం కాదు, చివరిమాట. దాని మీద మాన్పు పనిచేయదు. తలదగ్గర పేర్లూ కాళ్ళదగ్గర మాటలూ పొట్టు కాదు, వాటిని చెరగకూడదు. ఆమె నేర్పిన విద్య కాబట్టి మార్చడానికి ఇంకొకరి సంతకం అవసరం లేకపోయింది. పేరొందిన ప్రయోగశాలలో అంత పెద్ద నిర్ణయం ఒక్క మనిషి మధ్యాహ్నపు టీకి ముందు చేసేయగలగడం, చేసేవరకూ ఆమెకే ఆశ్చర్యంగా అనిపించలేదు. మొదటిసారి కూడా అలాగే చేసింది మరి.

శుక్రవారం సభకు హాలు నిండింది. త్రిమూర్తులుగారు మైకు ముందు నిలబడి, పోయినవాటికి ప్రాణం పోశామన్నారు, ఒక జాతి జ్ఞాపకాన్ని తిరిగి జాతికి అప్పగిస్తున్నామన్నారు. చప్పట్లు మోగాయి. ఆయన చిరునవ్వుతో మీట నొక్కి మొదటి పేజీ పిలిచారు.

తెర తెల్లగా వచ్చింది. నడుమ రెండు చిన్న వాక్యాలు. 'ఈ కవితలు నాకిప్పుడు నచ్చడం లేదు. తీసేశాను.'

ఆయన నవ్వుతూనే ఇంకొకటి పిలిచారు. 'మా అమ్మాయి పెద్దదైంది, తన చిన్నప్పటి ఫొటోలు తియ్యమంది. తీసేశాను.' ఇంకొకటి. 'ఆయన గురించి నేను రాసింది అబద్ధం. క్షమించాలి.' మరో పేజీ నిండుగానే వచ్చింది, కాని నెత్తిమీద పేరూ, కింద 'అడిగితే ఇస్తాను, అడగకుండా తీసుకోవద్దు' అనీ ఎర్ర అక్షరాలతో. నకలు పట్టుకుపోదామని వచ్చిన కంపెనీల మనుషులు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఐదోసారి ఆయన వెతకకుండా, కార్యక్రమం కాగితంలో ముందే రాసిపెట్టుకున్న పేజీ పిలిచారు. మన్యం వంట. అడవి గంప.

పైన గాసమ్మ పేరు, సన్యాసమ్మ పేరు, నంబరు. కింద, ఒకరోజు తప్పనీ మూడురోజులనీ, ఎక్కడా పెట్టవద్దనీ.

త్రిమూర్తులుగారు మైకు ఆపడం మరిచిపోయి వరహాలు వైపు తిరిగారు. ఇన్నేళ్ళలో ఆమెను ఎన్నడూ ఏకవచనంలో పిలవని మనిషి.

"ఎవర్నడిగి చేశావు ఈ పని?"

హాలంతా వినిపించింది. గోడలకు తగిలి మళ్ళీ వినిపించింది. వరహాలు గురువారం సాయంత్రం నుంచీ పెద్ద జవాబు ఒకటి తయారు చేసుకుని వచ్చింది. అది చెప్పాల్సిన అవసరమే రాలేదు.

"అదే సార్. సన్యాసమ్మగారు మనల్ని నాలుగుసార్లు అడిగింది అదే."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు వరుసలో, అతిథుల మధ్య, నేతచీర కట్టుకుని కూర్చున్న పెద్దావిడ ఒకరు తెరమీది నంబరు చూస్తూ మెల్లగా ఫోను తీసి నొక్కారు. చెవి సరిగా వినిపించదేమో, స్పీకరు పెట్టారు. చాలాసేపు మోగింది. గుడ్డసంచిలోంచి ఫోను తియ్యడానికి పట్టేంతసేపు.

"అమ్మా, మీ చేదుదుంప కూర గురించి ఇక్కడ తెరమీద చూశాను. ఎలా చెయ్యాలో తెలుసుకోవచ్చా?"

త్రిమూర్తులుగారితో సహా అందరూ ఆ చిన్న ఫోనుకేసి చూస్తున్నారు.

"అడిగారు కాబట్టి చెప్తాను" అంది సన్యాసమ్మ. "కాగితం తీసుకోండి. ముందు చెప్పినవారి పేరు రాసుకోండి."